గేటుకు అవతలి వరుస

ప్రియమైన రిస్టెన్‌కు,

నిన్ను తీసుకురావడానికి ఇవాళ బయలుదేరి, కొండ కింది గేటు నుంచే వెనుదిరిగాను. మంచు తుపానులో కొండ దాటాలంటే బండ్లన్నీ మంచు తోసే యంత్రం వెనుక వరుసగా సాగవలసిందే కదా. ఆ యంత్రం నడిపే ఎల్లె నా కరెంటు కారు అద్దం తట్టింది.

"మాస్టారూ, ఛార్జింగ్ ఎంతుంది?"

"సగానికి పైనే ఉంది."

"ఈ చలికి అది పావు కిందే లెక్క. దారి నడుమ వరుస ఆగిపోతే హీటరు ఎంతసేపు వేస్తారు? పక్కకి తీయండి."

వెనుక డీజిల్ బండి నుంచి మన మిక్కెల్ అరిచాడు: "మాస్టారి కారుకి రెయిన్‌డీరుని కట్టండ్రా!" వరుసంతా నవ్వింది.

మిక్కెల్ బండి అడిగి, అందులో రమ్మని నువ్వు చెప్పావు. నిన్ను నా కారులోనే తెస్తానని పట్టుబట్టాను. నువ్వు తీరానికి వెళ్లింది మీ అక్క విరిగిన కాలు నయమయ్యేదాకా చూసుకోవడానికే కదా, అది నయమైంది. అయినా నీ ఉత్తరంలో "వీలైతే వస్తాను" అని మాత్రమే ఉంది. వాక్యంలో దోషం లేదు, కాని ఆ "వీలైతే" నన్ను నిద్రపోనివ్వడం లేదు. తీరంలో చలి తక్కువ, మనుషులు ఎక్కువ. నువ్వు అక్కడే ఉండిపోతావేమోనన్న భయం ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. కాఫీ ఇద్దరికీ కాచి, రెండో కప్పు చల్లారాక పారబోస్తున్నాను.

నీ
అస్లక్

* * *

రిస్టెన్,

మళ్లీ గేటు దగ్గరే ఉన్నాను. ఈసారి ఛార్జింగ్ నిండుగా పెట్టుకుని, దారిపొడవునా హీటరు వేయకుండా, తోలుకోటులో వణుకుతూ వచ్చాను. ఎల్లె మీటరు చూసి తల ఊపింది.

"ఇవాళైతే వదులుతాను గానీ, మీరు కదలక్కర్లేదు మాస్టారూ. అవతలి వైపు వరుస ముందొస్తోంది."

"అయితే?"

"మొదటి చేపల లారీలో మీ ఆవిడే ఉన్నారట. వైర్‌లెస్‌లో చెప్పారు. 'మా ఆయన ఆ కారుతో కొండెక్కి గడ్డకట్టుకుపోతాడు, చెబితే వినడు, నన్ను ముందు పంపండి' అని నిన్నట్నుంచీ అవతలి గేటు దగ్గర ఒకటే గొడవట!"

నిన్న నేను వెనుదిరిగిన వేళకు, అదే తుపానుకు అవతల నువ్వు నిలబడి ఉన్నావన్నమాట.

కొండమలుపులో అవతలి మంచుయంత్రం పసుపుదీపం తిరుగుతోంది. దాని వెనుక ఎత్తుగా రెండు దీపాలు. ఈ కాగితం నీ చేతికే ఇస్తాను. వేళ్లు కొంకర్లుపోయి అక్షరాలు వంకర తిరిగాయి, మన్నించు. ఇప్పుడే హీటరు వేశాను. నువ్వు దిగేసరికి పక్కసీటు వెచ్చబడాలి.

అస్లక్