పాత డేటాబేస్ డిలీట్ చేసిన రోజు

మంగళవారం, సంతోష్‌నగర్

ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. బేగంబజార్ గిన్నెల దుకాణం యాదగిరన్న డేటాబేస్‌ను పాత క్లౌడ్ నుంచి కొత్త క్లౌడ్‌కు మార్చే పని నాది. ఈ ఏడాది ఆర్డర్లు చేరాయి, పాతవి రేపు మార్చాలి. ఈలోపే, రెండు చోట్లా అద్దె ఎందుకని, మా టీమ్ లీడ్ శ్రీనివాస్ పాతదాన్ని డిలీట్ చేసేశాడు.

"రోజూ బ్యాకప్ అయితది గదా, ఏం ఫికర్?" అన్నాడు. డేటాబేస్‌తో పాటే దాని బ్యాకప్‌లూ పోతాయని చెబితే తెల్లమొహం వేశాడు. అంతలో పాత ఆర్డర్లు కనబడట్లేదని యాదగిరన్న ఫోన్. శ్రీనివాసే ఎత్తాడు.

"మేం చేసిందేం లేదన్నా, క్లౌడోళ్ల తప్పు."

"వాళ్లెవరో నాకేమెర్క భాయ్? నేను మిమ్మల్ని నమ్మి ఇచ్చిన."

శ్రీనివాస్ ఫోన్ నా చేతిలో పెట్టి, క్లౌడోళ్ల తప్పేనని నన్నూ చెప్పమని సైగ చేశాడు.

"మేమే తుడిచేసినమన్నా," అన్నాను.

"టీమ్ ఇజ్జత్ తీసినవ్!" అని ఫోన్ పెట్టేశాక శ్రీనివాస్ ఒకటే లొల్లి. ఇజ్జతట!

డిలీట్ నొక్కేముందు ఆ స్క్రీన్ కూడా 'బ్యాకప్‌లు పోతాయి, సరేనా?' అని అడుగుతుంది. టిక్కు పెట్టనిదే కదలదు. ఆయన టిక్కు పెట్టాడు. పక్క కుర్చీలోనే ఉన్న నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు.