లేని కామెర్లకి పథ్యం

అత్తయ్యగారూ,

పాలు కాచి గూట్లో పెట్టేను, పిల్లి దూరకుండా తలుపు వేసుకోండి. గేదెకి కుడితి పెట్టేసేను. మీరు నేల ఉసిరి కోసుకొచ్చేసరికి ఆయన్ని తీసుకుని నేను అమలాపురం బస్సెక్కేస్తాను. మీరు పిచ్చి డాక్టరంటారే, ఆయన దగ్గరికే.

ఆ ఆకు ఇంక నూరకండి. మీ అబ్బాయికి కామెర్లు లేవు. చెరువులో రొయ్యలన్నీ చచ్చిపోయిన దగ్గర్నుంచీ మనిషి మంచం దిగట్లేదని తెలిస్తే పరువు పోతుందని, కామెర్లని వీధంతా చెప్పింది మీరే. అక్కడితో ఆగినా బాగుండేది. చూడ్డానికొచ్చినవాళ్ళు నమ్మాలని ఉప్పూ నూనే మానిపించేసి, నలభై రోజులు చప్పిడి కూడు తినిపించేరు. నిన్న పక్కింటి కుమారిగారు "కళ్ళల్లో పచ్చదనం పోయిందండీ, పసరు బాగా పనిచేసింది" అంటే, "ఆయ్, అవునండీ" అని మీరు మురిసిపోయేరు. ఆ కళ్ళు ఎప్పుడు పచ్చగా ఉన్నాయండీ?

ఎవరైనా అడిగితే మందు కోసం వెళ్ళేరని చెప్పండి. అది నిజమే కాబట్టి చెప్పడానికి మీకు కొంచెం కష్టంగా ఉంటుంది.

పద్మశ్రీ

తా.క. పొద్దున్న పప్పుచారులో ఉప్పు వేసి పెట్టేను. రెండు ముద్దలు తిని, చెయ్యి కంచంలోనే ఉంచి, "నాకు నిజంగా కామెర్లే అయ్యుంటే బాగుండేది పద్మా, ఈపాటికి తగ్గిపోయేవి" అన్నారు.