పెరట్లో కడిగిన కంచం

ఇంగ్లాండు
(ఊరి పేరు రాస్తే మిలిటరీ వాళ్లు ఆ మాట సిరాతో కొట్టేస్తారట)
14-2-1943

ప్రియమైన నారాయణకు ప్రేమానందం వందనాలు.

క్షేమంగా చేరాను. ఓడలో మొదటి పదకొండు రోజులు తిన్నదంతా సముద్రానికే ఒప్పజెప్పాను కాబట్టి ప్రయాణం గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. పాకాల రైలు షెడ్డులో ఫిట్టరు పని చేసేవాణ్ణి యుద్ధం పేరు చెప్పి ఎనిమిది నెలల శిక్షణకు ఇంగ్లీషు సీమకు పంపారంటే మా నాయన ఇంకా నమ్మి ఉండడు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు. నమ్మకపోతే స్టాంపు చూపించు.

నన్ను ఒక ఇంట్లో పెట్టారు. హోల్ట్ అని ట్రాము నడిపే ఆయన, ఆయన భార్య. నేను మనసులో ఆమెను హోల్టమ్మ అనుకుంటున్నాను. ఈ దేశంలో ఎవరూ ఎవరినీ తిన్నావా అని అడగరు. కనిపించగానే వాన గురించి మాట్లాడుకుంటారు. వాన అందరి నెత్తినా పడుతూనే ఉంటుంది, అయినా కొత్త సంగతి చెప్పినట్టు చెప్పుకుంటారు. స్నానం శనివారం మాత్రమే. నేను రోజూ నీళ్లు అడిగితే హోల్టమ్మ నాకేదో జబ్బు అనుకుంది. ఉల్లిగడ్డలు దొరకడం లేదు. మొన్న ఎవరో ఒకటి తెచ్చిస్తే, కోయకముందు ముగ్గురమూ చుట్టూ చేరి చూశాం.

ఫ్యాక్టరీలో ఆడవాళ్లు లేతు యంత్రాల మీద ఇనుము చెక్కుతారు. మా మేస్త్రీ టీ కోసం వరుసలో నా వెనకాల నిలబడతాడు. మొదటి రోజు నేను పక్కకు తప్పుకుని దారి ఇచ్చాను. ఆయనకు అర్థం కాలేదు. ఇద్దరమూ అలా నిలబడిపోతే వెనకవాళ్లు అరిచారు. అన్నిటికంటే వింత చెబుతాను. ఇంట్లో భోజనం కాగానే భార్య గిన్నెలు కడుగుతుంటే భర్త పక్కన నిలబడి తువ్వాలుతో తుడుస్తాడు! మీ చిన్నాయన చూస్తే మంచం పట్టేస్తాడు.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా విను. వచ్చిన రోజు తిన్న వెంటనే అలవాటు కొద్దీ నా కంచం నేనే తీసుకుని పెరట్లోకి వెళ్లాను. మంచు కురుస్తోంది. కుళాయి కింద కడిగి, బొగ్గుల కొట్టం గోడకు ఆనించి లోపలికి వచ్చాను. హోల్టమ్మ కిటికీలోంచి అంతా చూసింది. మర్నాడు నా ముందు నీలం అంచు కంచం ఒకటి పెట్టి, "ఇది నీ ఒక్కడికే. మేమెవరం ముట్టుకోం. ఇంతకుముందు మా ఇంట్లో ఉన్న తంజావూరు అబ్బాయి చెప్పాడు, మీలో పెద్ద కులాలవాళ్లు ఇతరులు తిన్నదాంట్లో తినరని" అంది. నేను థాంక్స్ చెప్పి ఊరుకున్నాను. నవ్వుకో నారాయణా. మునెయ్య కొడుకు సీమలో ఆచారవంతుడయ్యాడు.

మీ అమ్మకు నా వందనాలు చెప్పు.

నీ
ప్రేమానందం


ఇంగ్లాండు
28-3-1943

నారాయణా,

ఇది మా నాయనకు చదవొద్దు. పోయిన ఉత్తరంలో నవ్వుకోమని రాశాను గానీ, రాసేటప్పుడు నాకు నవ్వు రాలేదు.

కంచం పెరట్లో ఎందుకు కడిగానో నీకు తెలుసు. ఈ మాట మనం ఎప్పుడూ పైకి అనుకోలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. చిత్తూరు మిషన్ బడిలో మనం ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఒకరి లెక్కలు ఒకరం చూసి రాసుకున్నాం, ఒకరినొకరు ఒరే అనుకున్నాం. శనివారం పూతలపట్టుకు వచ్చాక, మీ ఇంటి ముందు మాత్రం నువ్వు నాకు సామివి. తిన్నె మీద కూర్చుని తిని, కాలవలో కంచం కడిగి, మీ కొట్టం చూరులో దోపి వెళ్లేవాణ్ణి. పదేళ్లు అదే సత్తు కంచం. నాకు కోపం లేదని నువ్వు అనుకున్నావు. నేను కూడా లేదనే అనుకున్నాను.

ఇక్కడ వీళ్లు నన్ను పెద్ద కులంవాడు అనుకున్నారు. నేను కాదనలేదు. ఆరు వారాలు కాదనలేదు. ఎందుకంటే నాకు బాగుంది. ఒకరు నా కోసం జాగ్రత్త పడటం, నా వస్తువు ముట్టుకోవడానికి భయపడటం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. అబద్ధమని తెలిసి కూడా తలెత్తుకుని తిన్నాను.

పోయిన ఆదివారం హోల్ట్ గారు పరాకుగా నీలం అంచు కంచంలో వడ్డించుకున్నాడు. హోల్టమ్మ చూసి పరుగెత్తుకు వచ్చింది. మొగుణ్ణి కసిరి, నా వైపు తిరిగి "తప్పయింది, మన్నించు బాబూ" అంది. ఆయన చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. పరవాలేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. మొహం ముడుచుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా ట్రాము నడుపుతున్న ముసలాయన తన ఇంట్లో, తన బల్ల దగ్గర, దొంగతనం చేసినవాడిలా కంచం పక్కకు నెట్టాడు. అప్పుడు నాకు సిగ్గేసింది, నారాయణా. ఇంత సిగ్గు మీ తిన్నె మీద కూడా ఎప్పుడూ పడలేదు.

మర్నాడు సాయంత్రం మీ తిన్నె సంగతితో సహా ఆమెకు అంతా చెప్పేశాను. నేను ముట్టనివ్వనివాణ్ణి కాదు, నన్ను ముట్టుకోరు అని. ఆమెకు చాలాసేపు బోధపడలేదు. చివరికి అడిగింది.

"మరి ఆ ఇంటికి ఎందుకు వెళ్లేవాడివి?"

"నా స్నేహితుడి ఇల్లు."

"స్నేహితుడా?" అంది. తువ్వాలు నా మీద పడేసి, "అయితే రా, గిన్నెలు తుడువు. మా ఆయనకు ఈ రోజు సెలవు" అంది. ఆ రోజు నుంచి ఎవరి చేతికి ఏ కంచం వస్తే అందులో తింటున్నాం.

ఆమె అడిగిన మాట మాత్రం నన్ను వదలడం లేదు. నేను సెప్టెంబరులో బయలుదేరుతాను. మీ ఇంట్లో, లోపల, నీ పక్కన కూర్చుని తినమంటావా, లేక రావద్దంటావా? రెండిట్లో ఏదైనా సరే రాయి. తిన్నె మీదికి మాత్రం ఇక రాను. మీ అమ్మ ఒప్పుకోదని రాస్తే నమ్ముతాను. పెద్దావిడ, ఆమె పెరిగిన తీరు అది. ఆమె మీద కోపం పెట్టుకోను. నువ్వు నిజం రాయి, చాలు.

ప్రేమానందం


పూతలపట్టు
20-6-1943

ప్రేమానందానికి నారాయణ రాసేది.

నీ రెండో ఉత్తరం చేరి పది రోజులైంది. మామిడికాయల బండ్లు చిత్తూరికి తోలే హడావుడిలో ఉన్నానని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. ఏం రాయాలో తెలియక జేబులో పెట్టుకుని తిరిగాను.

అమ్మ ఒప్పుకోదు అని ఒక కాగితం రాసి చించేశాను. రెండోది కూడా అదే రాశాను. నిన్న అది మడుస్తుంటే అమ్మ చింతపండు చేటతో వచ్చి కూర్చుని, "సీమ నుంచి వచ్చిన జాబు నాకు చదవనేలేదే?" అంది. దాటవేయకుండా మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆమె చింతపండు గింజలు తీయడం ఆపి వింది. తరవాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"నేను వొప్పుకోనని వానికి ఎవురు చెప్పినారు? ఆ యేడు పెద్ద వాన కురస్తా ఉంటే, బిడ్డ తిన్నె మీద తడస్తా ఉండాడు, లోపలికి పిలవరా అన్నాను. నువ్వే గదరా వద్దన్నావు? చిన్నాయన సూస్తే ఊరంతా చెప్తాడని ఏడ్చినావు. సత్తు కంచం కొట్టంలో పెట్టమన్నది ఎవురు? నువ్వే. నీకే లేని ఆశ నాకెందుకని నేను నోరు మూసుకున్నాను."

నిజమే ప్రేమా. అమ్మ ఆచారం లేని మనిషి అని చెప్పను. నాయన బతికి ఉండగా అయితే ఆ మాట కూడా అనేది కాదేమో. కానీ ఒక్కసారి అంది. వద్దన్నది నేను. అప్పుడు నాకు పన్నెండేళ్లు, ఆ వయసుకు భయం సహజం. పదమూడులోనూ, పదిహేనులోనూ, నువ్వు ఓడ ఎక్కడానికి ముందు చెప్పి పోదామని వచ్చిన రోజున కూడా అదే తిన్నె మీద కూర్చోబెట్టాను. దానికి వయసు సాకు చెప్పలేను. నువ్వు అమ్మను తప్పు పడుతున్నావని తెలిసీ హాయిగా ఊరుకున్నాను.

ముందు నువ్వు పోయి వాళ్లింట్లో తినమని అమ్మ అంటే, ఈ పొద్దున మీ ఇంటికి వెళ్లాను. ఇన్నేళ్లలో మీ వాకిట్లో నిలబడి కబురు చెప్పానే గానీ గడప తొక్కలేదు. మీ అమ్మ చెంగమ్మ సంగటి గెలుకుతోంది. ఆకలిగా ఉంది, నాకూ పెట్టమన్నాను. ఆమె తెడ్డు పట్టుకునే లేచి నిలబడింది.

"వొద్దు సామీ. నువ్వు తిని పోతావు. రేపు మాటలు పడేది మేము."

అమ్మే పంపిందని చెప్పాను. అప్పటికీ పెట్టలేదు. మీ నాయన లోపల నుంచి వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, మనసు బాగలేదా? దాన్ని బాగు చేసుకోను మా ఇంటికొచ్చినావా?" అన్నాడు. కోపంగా అనలేదు. నేను తల దించుకున్నాను. "మావోడు రానీ. ముందు మీ చిన్నాయనకు నువ్వు చెప్పు. ఆయన ఇన్నాక, పగటి పూట, అందరూ సూస్తా ఉండగా వచ్చి తిను. మా ఇంట్లో కూడు యాడికీ పోదు."

తినకుండానే వచ్చేశాను. దారిలోనే చిన్నాయన ఇంటికి వెళ్లి చెప్పాను. నువ్వు మా ఇంట్లో నా పక్కన కూర్చుని తింటావని, నేను మీ ఇంట్లో తింటానని. ఆయన అరవలేదు. చిత్తూరులో నాకు కుదిరిన సంబంధం వాళ్లకు తానే కబురు పంపుతానని, నువ్వు వచ్చే రోజున మా ఇంటి ముందు పది మందిని వెంటబెట్టుకుని కూర్చుంటానని మాత్రం అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి. అమ్మకు చెబితే "కూర్సోనీ" అని మళ్లీ చింతపండు ముందేసుకుంది.

నువ్వు రెండిట్లో ఒకటి రాయమన్నావు. ఓడ దిగగానే తంతి కొట్టు, పాకాల స్టేషనుకు నేనే వస్తాను. నాకు భయంగా ఉంది ప్రేమా. అయినా రా.

నారాయణ