సోమవారం రావద్దు

పిస్కాటవే,
శుక్రవారం.

భావనా,

సోమవారం నుంచి ఆఫీస్‌కి వస్తానని, క్లయింట్ డెమో మధ్యలో లేచి వెళ్ళినందుకు సారీ అని నువ్వు పెట్టిన మెయిల్ చూశాను. నాలుగో నెలలో కడుపు పోయి ఇంకా పది రోజులు కాలేదు. నువ్వు నాకు సారీ చెప్పడమేమిటి తల్లీ?

"బ్లీడింగ్ మొదలవగానే ఎందుకు చెప్పలేదు?" అని హాస్పిటల్‌లో అడిగాను. "మీరు లేబర్ రూమ్‌లో కూడా కాల్ తీసుకున్నారు కదక్కా" అన్నావు.

ఆ సంగతి టీమ్ ముందు ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో! మీరంతా చప్పట్లు కొట్టారు. మ్యూట్ చేసుకుని ఏడ్చానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. కంపెనీ పెట్టిన రోజే సెలవుల రూల్స్ బాగానే రాయించాను. కానీ మీరు చూసింది రూల్స్‌ని కాదు, నన్ను.

నువ్వు పూర్తిగా కోలుకునేదాకా రావద్దు. నీ పేరు ఎత్తకుండా, సోమవారం మీటింగ్‌లో ఆ ఏడుపు సంగతి నేనే చెబుతాను. చెప్పినా నమ్ముతారో లేదో.

నిన్న అనుష్క ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఆఫీస్‌కి వచ్చింది. ఇంటికి వెళ్ళి పడుకోమన్నాను. నేను పరీక్ష పెడుతున్నాననుకుంది పాపం. "నాకేం కాలేదక్కా" అని నవ్వి, లాప్‌టాప్ తెరిచింది.

నిన్ను క్షమించమని అడిగే అర్హత కూడా లేని,
అక్క