భూమేష్ పారేయని బీడీలు

బోధన్, జూన్ 3

చిన్న సేటు మల్లికార్జున్ గారికి, బోధన్, రెంజల్, మాక్లూర్ బీడీ కేంద్రాల మేనేజర్ రాజలింగు నమస్కరించి రాసేది.

వందకు ఐదు బీడీలు పనికిరావని కూలి కట్టకుండా పక్కకు తీయాల్సి ఉండగా, బోధన్‌లో పోయిన నెల మొత్తంలో తొమ్మిదే ఎందుకు తీశారని అడిగారు. మీ నాన్నగారి కాలంలో ఇలాంటి లెక్క అడగలేదు. తప్పు ఇక్కడి చాటర్ భూమేష్‌ది. ఆడవాళ్ళు తెచ్చిన బీడీలు చూసి ఏరే పని అతనిదే. పిలిచి గద్దిస్తే, "మా మ్యానత్త చేసిన బీడీ సార్, ఆమె మొకం మీదనే ఎట్ల పారేస్త?" అన్నాడు. వచ్చే నలభై మందీ అతనికి ఏదో ఒక వరుసే.

విధేయుడు
రాజలింగు

తా.క.: పారేసిన బీడీలు కూడా ప్యాకెట్లలోకే పోతాయని అతనికి తెలిసిపోయింది. నేను చెప్పలేదు.

నిజామాబాద్, జూన్ 6

రాజలింగు గారికి,

చుట్టాలున్న చోట ఎవరైనా అంతే. అతన్ని రెంజల్ కేంద్రానికి పంపండి. నెలలోగా వందకు ఐదు రాకపోతే అతనితో పాటు మీరూ ఇంటికే.

మల్లికార్జున్

తా.క.: "మీ నాన్నగారి కాలంలో" అని ఉన్న ఉత్తరం ఇక చదవను.

బోధన్, జూన్ 17

గౌరవనీయులైన సేటు గారికి,

ఇరవై నాలుగేళ్ళ కొలువు. బీపీ మాత్ర రెండు పూటలైంది. రెంజల్‌లో భూమేష్‌కు ఒక్క చుట్టం లేదు, నిజమే. మూడు రోజుల్లో ఊరంతా చుట్టాలయ్యారు. గంప దించిన ప్రతి మనిషినీ "ఏ ఊరి బిడ్డవవ్వా?" అని అడుగుతాడు. "గట్లయితే నాకు పెద్దవ్వ అయితవ్" అని తేలుస్తాడు. తీసినవి రెండు బీడీలు. వాటికీ క్షమించమన్నాడు.

విధేయుడు
రాజలింగు

తా.క.: మీ నాన్నగారి గురించి ఏమీ రాయలేదు, గమనించగలరు.

నిజామాబాద్, జూన్ 20

రాజలింగు గారికి,

మాక్లూర్‌కు మార్చండి. మధ్యలో పరదా కట్టండి. గంప మాత్రమే లోపలికి రావాలి, మనిషి కనపడకూడదు. అప్పటికీ మారకపోతే తీసేయండి.

మల్లికార్జున్

తా.క.: ఇది పెద్ద చదువుల్లో నేర్పే పద్ధతి. మీకు అర్థం కాకపోయినా కట్టండి.

బోధన్, జూలై 2

సేటు గారికి,

కట్టాను. మాక్లూర్ అతని అత్తగారి ఊరని నాకు తెలియదు. కట్ట మీద దారం చూసి, "గిది హన్మవ్వత్త ముడి! పానం మంచిగుందా అత్తా?" అని కేకేశాడు. పరదా అవతల నుంచి, "నా మొకం సూడనంత పాపం నేనేం జేసిన్రా కొడకా?" అని ఒకటే ఏడుపు. మీరు చెప్పినట్టే తీసేశాను. "మీ కొలువు నిలవడ్తది గద సార్, మంచిదే" అని వెళ్ళిపోయాడు. నాకు అన్నం సయించడం లేదు.

విధేయుడు
రాజలింగు

తా.క.: ఇవాళ మూడు కేంద్రాలకూ కలిపి పదకొండు మందే వచ్చారు. ఎక్కడో పెళ్ళి ఉన్నట్టుంది.

నిజామాబాద్, జూలై 6

రాజలింగు గారూ,

నాలుగు రోజుల పెళ్ళా? భూమేష్‌ను వెంటనే వెనక్కి తీసుకురండి. బీడీలు ఎన్ని తీస్తాడో అతని ఇష్టం.

మల్లికార్జున్

తా.క.: అవసరమైతే కాళ్ళు పట్టుకోండి. నా తరఫున మీరే.

బోధన్, జూలై 9

నాయనా మల్లికార్జున్,

పోయాను. బస్టాండు వెనక వేరే కంపెనీ కొత్త కేంద్రం తెరిచింది. మన ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. మేనేజర్ కుర్చీలో భూమేష్. నేను వంగేలోపే చాయ్ తెప్పించి, మా అమ్మది ఏ ఊరని అడిగాడు. "గట్లయితే మీరు నాకు చిన్నబాపు! ఇన్నేండ్లు చెప్పకపోతిరి!" అని చాటర్ పనిలో పెట్టుకున్నాడు. రేపటి నుంచి నీ కేంద్రానికి రాను. ఇరవై నాలుగేళ్ళు నాతో పారేయించిన బీడీలన్నీ మంచివే. నీకూ తెలుసు, మీ నాన్నకూ తెలుసు.

రాజలింగు

తా.క.: మీ అమ్మగారి ఊరు కూడా అడిగాడు. నువ్వు అతనికి బామ్మర్దివి అవుతావట. కొలువు కావాలంటే మొహమాటపడొద్దన్నాడు.