పాత జవాబు

ప్రియమైన చిట్టితల్లికి,
కాలేజీ కంప్యూటర్లన్నిటికీ దారి చూపే పని నీ చేతిలో పెట్టారటగా! నాకు నేలమీద కాలు నిలవడం లేదమ్మా. కొట్టుకి విరిగిన గొడుగు పట్టుకుని ఎవరొచ్చినా ముందు నీ సంగతే. ఒకాయన "ముందు ఊచ బిగించవయ్యా బాబూ" అని విసుక్కున్నాడు. ఇంతకీ నువ్వు చూసుకునే ఆ డీఎన్ఎస్ అంటే ఏమిటో రాయి. అడిగినవాళ్లకి చెప్పాలి కదా!
పొంగిపోతున్న
నాన్న

నాన్నా,
పేరు అడిగితే చోటు చెప్పేదే డీఎన్ఎస్. ఇక్కడ విద్యార్థి ఏ గదిలో కూర్చుని పేరు కొట్టినా, తన ఫైళ్లు ఏ సర్వర్‌లో ఉన్నాయో అందులోని డైరెక్టరీ చెబుతుంది. ఫైళ్లన్నీ కొత్త సర్వర్‌కి మార్చాను. డైరెక్టరీలోనూ మార్చాను. అయినా సగం గదుల్లో మెషీన్లు పిల్లల్ని ఖాళీ అయిన పాత సర్వర్‌కే పంపుతున్నాయి! "అక్కా, నా ప్రాజెక్టేదీ?" అని పిల్లల ఏడుపు. పరీక్షల్లోపు సరిచేయకపోతే ఉద్యోగం ఉండదన్నాడు మేనేజరు. తల బద్దలైపోతోంది. రాజీనామా ఇచ్చి వచ్చేస్తాను.
చిట్టి

బంగారుతల్లికి,
నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక మళ్లీ రాస్తున్నా. కొట్టు బోర్డు మీద నీ ఉద్యోగం పేరు కూడా రాయించాను. "గొడుగులకీ దానికీ ఏంటయ్యా సంబంధం!" అంటోంది మీ అమ్మ. మీ మేనేజరుగారు దేవుడమ్మా. నా నమస్కారాలు చెప్పు.
మురిసిపోతూ,
నాన్న

నాన్నా,
నేను మునిగిపోతున్నానని రాస్తే, మేనేజరు దేవుడంటావా? ఉత్తరం చించబోయి, మొదటి వాక్యం మళ్లీ చదివాను. నా ఉత్తరం అందకముందే రాశావు. నీకు అప్పటికి తెలిసిందే చెప్పావు.
గదుల్లో మెషీన్లూ అంతే! ఒకసారి విన్న జవాబుని గడువు తీరేదాకా దాచుకుని అదే చెబుతాయి. ఆ గడువు వారమని పెట్టిన మహాతల్లిని నేనే. ఫైళ్లు మార్చేముందే తగ్గించాల్సింది. గదిగదికీ తిరిగి పాత జవాబులు తుడిచేశాను. అందరి ఫైళ్లూ కనబడ్డాయి. మేనేజరు మొహం మాడ్చుకునే ఉద్యోగం ఖాయం చేశాడు. ఇక నేను రావడం లేదు.
అలిసిపోయిన
చిట్టి

ప్రియమైన చిట్టితల్లికి,
రాజీనామా ఇచ్చి వచ్చేస్తానన్న నీ ఉత్తరం ఇప్పుడే అందింది. వచ్చెయ్యమ్మా! ఎంత సంతోషమో! బోర్డు తుడిపించేసి "తండ్రీకూతుళ్ల గొడుగుల కొట్టు" అని రాయించాను. కిటికీ పక్కన నీకో కుర్చీ వేశాను. మీ అమ్మ నీ పరుపు ఎండలో పెట్టింది. ఆ ఊచ ఆయన మళ్లీ వచ్చాడు. "మొన్న అమ్మాయికి ఉద్యోగమొచ్చిందని గంతులేశావు, ఇవాళ పోయిందనా?" అన్నాడు.
"రెండుసార్లూ మా అమ్మాయే కదయ్యా" అన్నాను.
ఏ బండికి వస్తున్నావో రాయి.
దారిలోనే నిలబడి ఉన్న
నాన్న