మూడు కాదమ్మా, నాలుగు

మార్చి 11, మంగళవారం
సాయంత్రం నాలుగు గంటలు

అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. తొమ్మిదేళ్ల తర్వాత రాస్తున్న ఉత్తరం కాబట్టి ముందు నీ క్షేమం అడగాలి, ఆ తర్వాత మా క్షేమం చెప్పాలి. ఇవాళ ఆ వరస కుదరదు. ముందు వార్త రాస్తాను.

ఈ ఉదయం పది గంటల నలభై నిమిషాలకు అమ్మ అర్జీలు రాసే లైసెన్సును సస్పెండ్ చేశారు. ఉత్తర్వు ఒకటిన్నర పేజీ. ముప్పై నాలుగేళ్లుగా కలెక్టరాఫీసు వరండాలో, మెట్ల పక్కన రెండో స్తంభం దగ్గర ఉన్న బల్లను పదకొండున్నరలోగా తీసేయమన్నారు. అమ్మ ఉత్తర్వు రెండుసార్లు చదివి, అందినట్టు సంతకం పెట్టింది. ఆరోగ్యం బాగానే ఉంది. డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. కుడి చూపుడువేలు వంగడం లేదు. మధ్యవేలితో టైపు కొడుతోంది.

ఆరోపణ ఇది: అర్జీదారులవి కాని మాటలను అర్జీలో చేర్చుట.

గొడవంతా ఒక్క వాక్యం మీద. పెద్దాసుపత్రిలో దుప్పట్లు ఉతికే ఆడవాళ్లు ఇరవై ముగ్గురున్నారు. ఉతికేది నేలమాళిగలో, ఆరేసేది నాలుగంతస్తుల పైన డాబా మీద. సామాన్ల లిఫ్టు చెడిపోయి ఏడు నెలలైంది. తడి దుప్పట్ల మూటలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతున్నారు. జనవరి 9న ఒకామె జారిపడింది, తుంటి ఎముక విరిగింది. జనవరి 20న మిగతా ఇరవై ఇద్దరూ అమ్మ బల్ల దగ్గరికి వచ్చారు. అమ్మ రాసిన అర్జీలో పదకొండు వాక్యాలున్నాయి. పదింటి మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ఏడోది ఇలా ఉంది: ‘మీకు అందే దుప్పటి పొడిది, మేం మోసే దుప్పటి తడిది.’

ఆసుపత్రి పెద్దలు ఇది చదివి నొచ్చుకున్నారట. ఏడు నెలల లిఫ్టు వాళ్లను నొప్పించలేదు, ఏడో వాక్యం నొప్పించింది. ఈ నెల మూడో తేదీన నోటీసిచ్చిన కలెక్టరాఫీసు సూపరింటెండెంటు అమ్మతో అన్నాడు, దుప్పట్లు ఉతికేవాళ్లు ఇలా మాట్లాడతారా టైపమ్మా, ఇది కథల్లో రాసుకునే మాట, నువ్వే వాళ్లను ఎగదోశావు, నా దగ్గర ఆధారం కూడా ఉంది అని. మాట వాళ్లది కాదని తేలితే అర్జీ చెల్లదు. అర్జీ చెల్లకపోతే లిఫ్టు బాగుచేయనక్కర్లేదు. అమ్మ లైసెన్సు ఎలాగూ ఉండదు.

ఇవాళ ఉత్తర్వు చేతికిస్తూ ఒక దారి చూపించాడు. ఆ వాక్యం నాదే, పొరపాటున చేరింది అని రెండు ముక్కలు రాసిస్తే సాయంత్రానికల్లా లైసెన్సు ఇచ్చేస్తానన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, నాదని రాస్తే అబద్ధం, వాళ్లదని రాసినా అబద్ధమే, పొరపాటున అని రాస్తే మూడోది, ఒక్క కాగితం మీద మూడు అబద్ధాలు కొట్టడం నా చేతికి అలవాటు లేదు బాబూ అంది.

పదకొండూ ఇరవైకి బల్ల గేటు బయట కాలిబాట మీద వేసుకుంది. అట్టముక్క మీద సొంత అక్షరాలతో ‘ఇచ్చట అర్జీలు చదివి వినిపించబడును’ అని రాసి బల్ల కాలికి కట్టింది. రాయడానికి లైసెన్సు కావాలి గానీ చదవడానికి అక్కర్లేదట. ఒంటిగంటలోపు తొమ్మిదిమంది వచ్చారు. అందరూ ఇంకెవరో రాసిచ్చిన కాగితాలు తెచ్చుకున్నవాళ్లే. ఒక పెద్దాయన తన అర్జీ ఆసాంతం విని, ఇందులో ఉన్నాయన ఎవరమ్మా, నాకంటే బాగా బతుకుతున్నాడు అన్నాడు. బల్ల తీయించమని పంపిన గేటు వాచ్‌మన్ కాసేపు నిలబడి విని, జేబులోంచి తన సెలవుచీటీ తీసి, ఇదీ ఒకసారి చదివిపెట్టు టైపమ్మా అన్నాడు. బల్ల ఇంకా అక్కడే ఉంది.

ఇక నీకూ నాకూ సంబంధించిన సంగతి.

మనిద్దరం ఆ బల్ల కింద కూర్చుని చదువుకున్నవాళ్లమే అయినా, బల్ల మీద జరిగేదేమిటో ఇద్దరికీ తెలియదు. నోటీసు వచ్చాక మూడు రోజులు సెలవు పెట్టి అమ్మ పక్కన స్టూలు వేసుకున్నాను. నేనైతే ఎదుటి మనిషిని మొదటి నిమిషంలోనే ఐదు ప్రశ్నలు అడుగుతాను. అమ్మ ఒక్కటీ అడగదు. వచ్చినవాళ్లు ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో పోతారు, తోడికోడలి సంగతి చెబుతారు, బస్సు ఆలస్యం సంగతి చెబుతారు. అమ్మ రిబ్బను సర్దుకుంటూ వింటుంది. ఏ మాట మూడోసారి వస్తుందో అప్పుడు మిషన్లో కాగితం పెడుతుంది. ఇక చిత్తుప్రతి అంటూ ఉండదు. నువ్వు ఒక్కో అధ్యాయం ఎనిమిదిసార్లు తిరగరాస్తావు, నేను మొదటి వాక్యం కుదిరేదాకా రెండోది ముట్టుకోను. అమ్మ ఒక్కసారే కొడుతుంది. కొట్టాక చదివి వినిపిస్తుంది.

అసలు పని అక్కడుంది. వినేవాళ్లు తలాడిస్తే అమ్మ నమ్మదు. ఆఫీసు ముందు మనుషులు అన్నిటికీ తలాడిస్తారే పిచ్చిదానా అంది నాతో. అందుకని ప్రతి అర్జీలోనూ కావాలని ఒక తప్పు కొడుతుంది. సోమవారాన్ని మంగళవారం చేస్తుంది, ముగ్గురు పిల్లల్ని ఇద్దరు చేస్తుంది. చదువుతున్నప్పుడు అవతలివాళ్లు దాన్ని పట్టుకుంటే, కొట్టేసి పైన సరైన మాట వేసి, పక్కన వాళ్ల వేలిముద్రో పొడి అక్షరాలో పెట్టిస్తుంది. పట్టుకోకపోతే కాగితం పక్కన పడేసి, మళ్లీ చెప్పు నాయనా, మొదట్నించి అంటుంది. ముప్పై నాలుగేళ్ల కార్బన్ కాపీలు ఇంట్లో ఉన్నాయి. ఆదివారం రెండు వందలు తీసి చూశాను. కొట్టివేత లేని కాగితం ఒక్కటీ లేదు. ఆరోపణ పత్రంలో అవి కూడా ఎక్కాయి, ‘తరచు అజాగ్రత్త’ అనే మాట కింద.

దుప్పట్ల అర్జీలో మూడంతస్తులు అని కొట్టిందట. మూడు కాదమ్మా, నాలుగు, నమ్మకపోతే నువ్వెక్కి చూడు అని ఇరవై రెండు గొంతులు ఒక్కసారి లేచాయట. ఆ వేడి మీదే ఏడో వాక్యం చదివింది. అప్పటిదాకా వాళ్ల తరఫున మాట్లాడుతున్న పెద్దామె మళ్లీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది. నేను వెళ్లి ఆమెను కలిశాను, ఆమె నాతో చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఆ మాట నా నోట్లో లేదు గానీ నా మెడలో ఉంది, ఉంచమన్నాను అంది. అమ్మ అర్జీ కొట్టకముందు అరగంటసేపు ఆమె అన్నది వేరు. పొడిదైతే చంటిబిడ్డంత, తడిదైతే ఆ బిడ్డ తల్లంత అనీ, పైవాళ్లకేం, మడతపెట్టినవి చేతికొస్తాయి అనీ ముక్కలు ముక్కలుగా చెప్పిందట. వాటిని కలిపి అమ్మ ఒక్క వాక్యం చేసింది. మరి ఆ వాక్యం ఎవరిది? పాతికేళ్లుగా నేను పత్రికలో రాసిన పద్ధతిలో దీనికి సమాధానం లేదు. ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు, ఎంతమంది విన్నారు, ఇంతవరకే నా పుస్తకంలో గడులున్నాయి.

అమ్మ తరఫున చెప్పేవాళ్ల కోసం వెతుకుతూ శనివారం మన పాతింటి కింది వాటాకు వెళ్లాను. మిషనత్తయ్య ఇంకా కుడుతూనే ఉంది. తొమ్మిదేళ్ల కింద నువ్వు ఆమె మీద నవల రాశావు. అప్పుడు నేను ఆమె దగ్గరికి వెళ్లి, నవలలో ఉన్న మూడు మాటలు చదివి, ఇవి నువ్వన్నావా అని అడిగాను. లేదంది. ఆ ముక్కే మా పత్రికలో వేశాను. కల్పన పేరుతో బతికున్న మనిషి నోట్లో మాటలు పెట్టడం దొంగతనమని కూడా రాశాను. నువ్వు ఫోన్ చేసి, ఆమె అనలేకపోయింది కాబట్టే నేను రాశానే అన్నావు. నేను ఫోన్ పెట్టేశాను. మన తొమ్మిదేళ్లూ అంతే.

శనివారం అత్తయ్య సూదిలో దారం ఎక్కిస్తూ మాటల్లో చెప్పింది. మీ అక్క అచ్చుకు పంపేముందు రెండు మధ్యాహ్నాలు కూర్చుని మొత్తం నాకు చదివిందమ్మా, పద్దెనిమిది చోట్ల ఆపాను, మిషను నల్లదని రాసింది, నాది పచ్చది, మార్పించాను, మా ఆయన్ని మంచివాడిగా రాసింది, అదీ మార్పించాను అంది. అప్పుడే నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా అని అడిగాను. నువ్వడిగింది అన్నావా లేదా అని, లేదని చెప్పాను, విన్నావా అని అడగలేదుగా అంది.

నేను రాసిన వార్తలో తప్పు లేదు. అందులో ఉన్న ప్రతి ముక్కా నిజమే. నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు, అంతే. అంతే అంటున్నాను గానీ అది చిన్న విషయం కాదని నాకు తెలుసు. క్షమించమని అడుగుతున్నాను. విశేషణాలు లేకుండా అడుగుతున్నాను కాబట్టి చిన్నగా అడిగినట్టు అనుకోకు.

అమ్మ మొత్తం విని ఒక్కొక్క మాట కొడుతుంది. నువ్వు మనిషి పక్కన నెలల తరబడి కూర్చుని, ఆమె వదిలేసిన చోటు నుంచి ఎత్తుకుంటావు. నేను అన్నది అన్నట్టు దించుతాను. ఈ మూడింట్లో ఏది రాత, ఏది కాదు అని మనిద్దరం వాదించుకున్నాం. వాదించాల్సింది అది కాదు. రాసినది తీసుకెళ్లి, కాదు అనగలిగే మనిషి ముందు కూర్చుని చదివే ధైర్యం ఉందా లేదా అన్నదే చూడాల్సింది. అమ్మకు ఉంది, నీకు ఉంది. నేను ఫోన్లో అంకెలు సరిచూసుకున్నాను, ఇంటిపేర్లు సరిచూసుకున్నాను. ఒక్క వాక్యం కూడా ఎవరికీ చదివి వినిపించలేదు. గడువు ఉందని చెప్పుకున్నాను. అమ్మ బల్ల ముందు కూడా రోజూ సాయంత్రం ఐదుకు అర్జీలు తీసుకునే కిటికీ మూసేస్తారు.

ఎల్లుండి విచారణ. ఉతికే ఆడవాళ్లు అందరూ వస్తున్నారు. తుంటి విరిగినామె కర్ర సాయంతో వస్తానంది. విచారణలో అర్జీని బిగ్గరగా చదవడానికి ఒక మనిషిని తెచ్చుకునే హక్కు అమ్మకుంది. ఆ మనిషివి నువ్వు కావాలంటోంది. నేను చదువుతానన్నాను. చిన్నది చదివితే కరెంటు బిల్లు చదివినట్టుంటుంది, పెద్దదాన్ని పిలు అంది.

అమ్మ చేయబోయేది నాకు భయంగానే ఉంది, అయినా చెబుతున్నాను. నువ్వు చదివేటప్పుడు ఎక్కడో ఒక చోట ఒక మాట మార్చి చదవాలి. ఏ మాటో నాకు చెప్పొద్దంది, తనకూ చెప్పొద్దంది, ముఖ్యంగా వాళ్లకు చెప్పొద్దంది. మాటలు వాళ్లవే అయితే ఆ రోజు విన్న ఇరవై ఇద్దరూ పట్టుకుంటారు. పట్టుకోకపోతే సూపరింటెండెంటు చెప్పిందే నిజం, లైసెన్సు నేనే ఆయన బల్ల మీద పెట్టి వస్తాను అంది. అంతమంది అధికారుల ముందు రికార్డును తప్పు చదవడం నేరమవుతుందేమోనని అన్నాను. కావచ్చు, అయినా చదవమను అంది.

రెండు నెలల కింద విన్న పదకొండు వాక్యాలు వాళ్లకు గుర్తుంటాయా అని కూడా అడిగాను. నావైపు చూసింది, నేను ఆమె కూతుర్నేనా అన్నట్టు.

మా ఎడిటరు నన్ను ఆ గది ఛాయలకు పోవద్దన్నాడు. పత్రికకు ఇబ్బంది అట. పోతున్నానని రాతపూర్వకంగా ఇచ్చాను. రెండు వాక్యాలే. ఇచ్చేముందు ఆయన ఎదురుగా కూర్చుని ఆయనకే చదివి వినిపించాను. ఇలాంటివి చదవరు, ఇచ్చిపోతారు అన్నాడు.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవని ఈ కవరు సాయంత్రం బస్సులో పంపిస్తున్నాను. రేపు తొమ్మిదికల్లా నీకు అందుతుంది. కోపం ఉంటే అలాగే వేసుకుని రా. అమ్మ కోసం రా.

ఇప్పటికీ నీ చెల్లెలే అయిన
చిన్నది

తా.క. పైన రాయని సంగతి ఒకటుంది. సూపరింటెండెంటు చెప్పిన ఆధారం నా వార్తే. ఫిబ్రవరి 2, ఐదో పేజీ. ఆసుపత్రి లిఫ్టు మీద రాస్తూ ఆ అర్జీ గురించి రెండు పేరాలు రాశాను. ‘అందరూ చెప్పుకుంటున్న ఆ వాక్యం అర్జీదారులది కాదు, అర్జీ రాసినామెది’ అని వేశాను. మెచ్చుకోవాలనే రాశాను. ఆమె మా అమ్మ అని మాత్రం రాయలేదు. వేసేముందు అమ్మను అడిగాను, ఆ వాక్యం ఎవరు కట్టారు అని. నేనే అంది. నేను అడిగింది అంతే. ఇప్పుడు ఆ కత్తిరింపు ఫైల్లో మొదటి కాగితం. నోటీసుతో పాటు వచ్చిన నకలు చూసి అమ్మ, రెండో పేరాలో ఒక కామా ఎక్కువైంది అంది.

సాక్షిగా నన్ను పిలిచింది అమ్మ కాదు, ఆఫీసువాళ్లు. ఈ వార్త మీరు రాసిందేనా, అవునో కాదో చెప్పండి అని అడుగుతారు. అవును అంటాను. అక్కడితో ఆపమంటారు. ఆపను.

మార్చి 13, గురువారం, ఉదయం పదకొండు గంటలు, ఆరో నంబరు గది. మొదట నా సాక్ష్యం. ఆ వెంటనే అర్జీ చదవడం.